ముగ్గుపిండి మీద బ్యాంక్ షాట్

మా ఆయనకు తెలుగు చదవడం రాదు. పుట్టిన కాడ్నుంచి ఇంట్లో మాట్లాడేది తెలుగే, తిట్టేది తెలుగే, ఆవును అదిలించేది కూడా తెలుగులోనే. బడికి పోయి నేర్చుకొన్న అక్షరాలు మాత్రం అరవం. నాకు మా తాత పలక మీద దిద్దించినాడు కాబట్టి తెలుగు రాయడం వచ్చింది. అందుకే ఇదంతా తెలుగులో రాస్తా ఉండాను. పక్కన కూర్చొని తొంగి చూసినా ఆయనకు చుట్టలు చుట్టలుగా ముగ్గు మాదిరి కనబడుతుంది. మొగుడి గురించి రాయాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది చెప్పండి.

మా ఊరు పాపారపట్టి పక్కన. మా అంగడి ధర్మపురిలో. ఆవులకూ మేకలకూ దాణా అమ్ముతాము: తవుడు, చెనక్కాయ చెక్క, పత్తి విత్తనాలు. పొద్దున్నే ఇద్దరమూ మోటారు బండి మీద బయలుదేరతాము. ఆయన తోలతాడు, నేను వెనకాల కూర్చొని దారి చెబుతాను. ఆయనకు దారి తెలియక కాదు, ఊరికే నోరు మూసుకొని కూర్చోవడం నాకు చేతకాదు. ఆయన నాకు మేనత్త కొడుకు. నేను పావడ కట్టుకొనే రోజుల్లో బావా అని పిలిచినాను, మనవరాలికి పావడ కుట్టించే ఈ రోజుల్లోనూ బావా అనే పిలుస్తాను. మీరూ గీరూ అనే మర్యాదలు మా మధ్య ఎప్పుడూ లేవు.

ఆ బండి దగ్గరే జగడం మొదలయింది. కొన్ని నెలలుగా ఆయన తోలే తీరు నాకు నచ్చలేదు. స్పీడ్ బ్రేకర్‌ను చూసుకోకుండా ఎగిరించి నా నడుము విరగ్గొట్టినాడు. ఏమి బావా ఇది అంటే, ‘నిన్నటిదాకా ఇది ఇక్కడ లేదే!’ అన్నాడు. అది ఎన్నో ఏండ్లుగా అక్కడే ఉంది. పాల క్యాన్లు కట్టుకొని పోయే మనిషిని రాసుకొని పోయి, ‘వాడే అడ్డమొచ్చినాడు’ అన్నాడు. మా ఇంటి గేటు స్తంభానికి హ్యాండిల్ తగిలించి, స్తంభం కట్టిన మేస్త్రిని తిట్టినాడు. ఆ మేస్త్రి పోయి చాన్నాళ్ళయింది, పాపం.

నేను మెల్లగా చెప్పినాను. మెల్లగా అంటే నా లెక్కలో మెల్లగా. ‘బావా, కండ్లు చూపించుకో. చూపించుకొనే దాకా బండి సావి నాకియ్యి’ అన్నాను. తాళం చెవిని మేము సావి అంటాము. అరవం వాళ్ళ దగ్గర తీసుకొని తిరిగి ఇయ్యని మాటల్లో అదొకటి.

‘నా కండ్లకేమొచ్చింది? నీ నోటికి ఎవరైనా డాక్టరు ఉంటే చెప్పు, ముందు అక్కడికి పోదాము’ అన్నాడు.

సావి ఇవ్వడం ఆయనకు చిన్న సంగతి కాదు. బస్సెక్కితే ముసలోడైపోయినట్టే అని ఆయన లెక్క. అదీగాక, అంగడికి సెలవున్న రోజు ఒంటరిగా వత్తల్‌మలై కొండ ఎక్కడమంటే ఆయనకు ప్రాణం. కొండ మీద పల్లెల్లో మా దగ్గర దాణా కొనేవాళ్ళు ఉండారు. వాళ్ళ ఆవుల క్షేమం అడిగి, వాళ్ళు పోసిన కాఫీ తాగి, పొద్దు వాలే వేళకు దిగొస్తాడు. ఆ దారిలో మలుపు దాటితే మలుపు. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆయన కొండకు పోయిన రోజు నేను ఇంట్లో ఒక పనీ సరిగ్గా చెయ్యలేను. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలో నిలబడతాను, పాలు పొంగిపోతాయి. భయం. ఇంకేమీ కాదు, ఉత్త భయం. అది మాత్రం ఆయనకు చెప్పను. చెబితే నన్ను ఆట పట్టిస్తాడు.

ఇక పూల్ సంగతి. మా అంగడి మిద్దె మీద ఒకాయన పూల్ క్లబ్బు పెట్టుకొని ఉండాడు. మా ఆయనకంటే బాగా చిన్నవాడు, అరవం మనిషి. నన్ను అక్కా అంటాడు, ఆయన్ను అన్నా అంటాడు. పూల్ అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. పెద్ద బల్ల, దాని మీద పచ్చ గుడ్డ, చుట్టూ రబ్బరు అంచు, మూలల్లోనూ పక్కల్లోనూ గుంతలు. పొడుగాటి కర్రతో తెల్ల బాలును కొడితే అది పోయి రంగు బాలును కొడుతుంది, రంగు బాలు గుంతలో పడాలి. క్యారమ్ బోర్డు తిని బలిసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం పూట ఆవులు నెమరేస్తాయి, దాణా కొనడానికి ఎవరూ రారు. ఆ వేళకు మా ఆయన మిద్దెక్కుతాడు. ఈ వయసులో వేరే వాళ్ళకు మోకాళ్ళ నొప్పి పట్టుకొంటుంది, ఆయనకు పూల్ పట్టుకొంది.

అన్నిట్లోకీ ఆయనకు ఇష్టం బ్యాంక్ షాట్. రంగు బాలును తిన్నగా గుంతకు పంపకుండా, ముందు రబ్బరు అంచుకు కొట్టి, అది తిరిగొచ్చి గుంతలో పడేట్టు చెయ్యడం. తిన్నగా ఉన్న దారిని వదిలి చుట్టూ తిరిగి పోవడం ఆయనకు మొదట్నుంచీ అలవాటే, పాలు కొనుక్కరమ్మంటే ఊరంతా తిరిగొస్తాడు. సరి, దాంతో నాకేమీ బాధ లేదు. ఒకరోజు మిద్దె దిగొచ్చి, తవుడు బస్తా మీద కూర్చొని, ‘ఏమ్మే, ఈరోజు బాలును వంచినాను’ అన్నాడు.

‘వంచి ఎక్కడ పెట్టినావు?’ అన్నాను.

రబ్బరుకు తగిలి తిరిగొచ్చేటప్పుడు బాలు తిన్నగా రాలేదంట. దారిలో ఇంకో బాలు అడ్డంగా ఉంటే, దాన్ని తప్పించుకొని, పక్కగా వంగి, చుట్టుకొని పోయి గుంతలో పడిందంట. ‘దేవుడి సత్యంగా వంగింది. నా కండ్లతో చూసినాను’ అన్నాడు.

‘ఏ కండ్లతో? స్పీడ్ బ్రేకర్‌ను చూసిన కండ్లతోనా?’

ఆయన నా పక్క తిరిగి, వేలెత్తి, మంచి పాయింటు దొరికిన వకీలు మాదిరి చెప్పినాడు: ‘అదే చెబుతా ఉండాను. ఆ వంపు ఎంతో లేదు, ఇంతే. దాన్ని కూడా పట్టేసినాను. ఇంత సన్న వంపు కనబడే కండ్లకు ఏం రోగం? ఇంక నన్ను డాక్టరూ గీక్టరూ అనొద్దు.’

నాకు పౌరుషం వచ్చింది. అంగట్లో ఎవరూ లేరు గదా అని చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని మిద్దెక్కినాను. కొట్టు చూస్తాను అన్నాను. కొట్టినాడు. బాలు రబ్బరుకు తగిలింది, వచ్చింది, పోయింది. నాకు తిన్నగానే పోయినట్టు కనబడింది. ‘చూసినావా వంపు?’ అని ఆయన. ‘ఎక్కడ వంపు? నీ నడుము వంపు తప్ప ఏమీ లేదు’ అని నేను. ఇద్దరమూ క్లబ్బాయన పక్క చూసినాము. పాపం, మిద్దె మాది, రోజూ వచ్చి ఆడేది మా ఆయన, ఎవరి పక్క మాట్లాడినా కష్టమే. ‘అక్కా, ఒకసారి చూస్తే వంగినట్టే ఉంది. ఇంకోసారి చూస్తే తిన్నగా ఉన్నట్టూ ఉంది’ అన్నాడు. ఇట్లాంటి వాడు రాజకీయాల్లో ఉంటే బాగా పైకొచ్చేవాడు.

అప్పుడు నేనొక మాటన్నాను. ‘బావా, తేల్చుకొందాము. బాలు తిన్నగా పోతా ఉంటే, నీ కండ్లే దాన్ని వంకరగా చూపిస్తా ఉన్నట్టు. అప్పుడు సావి నా చేతిలో పెట్టి, నోరెత్తకుండా బస్సెక్కి కంటి డాక్టరు దగ్గరికి రావాలి. బాలు నిజంగా వంగితే నీ కండ్లు మంచివి. జన్మలో కండ్ల మాట ఎత్తను, నీ కొండకు నువ్వు పో.’

‘జన్మలో అంటే నీ లెక్కలో ఎంత సేపు? సాయంత్రం దాకానా?’ అన్నాడు. అయినా ఒప్పుకొన్నాడు. క్లబ్బాయన సాక్షి.

మొదట ఫోనుతో చూద్దామన్నారు మగవాళ్ళిద్దరూ. క్లబ్బాయన స్టూలెక్కి, ఫోనును బల్ల మీదికి వంచి పట్టుకొని, మెల్లగా కదిలే వీడియో తీసినాడు. ముగ్గురమూ తలకాయలు ఒకటి చేసి చూసినాము. బాలు వంగింది. నిజమే. బల్ల అంచు కూడా వంగింది. గోడకు తగిలించిన ట్యూబ్ లైటు కూడా ఆ మూలలో వంగి కనబడింది. ‘చూసినావా!’ అన్నాడు ఆయన. ‘చూసినాను. బల్లను కూడా నువ్వే వంచినావా బావా, ట్యూబ్ లైటును కూడానా?’ అన్నాను. ఫోను పరీక్ష అక్కడితో సరి.

ఇంకోరోజు నేనే కొట్టి చూస్తానన్నాను. ఇన్నేండ్లు తవుడు బస్తాలు ఎత్తిన చెయ్యి, కర్ర పట్టుకొంటే ఏమిలే అనుకొన్నాను. కొట్టినాను. బాలు రబ్బరు దాకా పోయింది, రబ్బరును దాటింది, బల్లను దాటింది, మిద్దె మెట్ల మీద టక టక దిగి అంగట్లోకి పోయింది. ‘అక్కా, ఇది మాత్రం బాగా వంగింది’ అన్నాడు క్లబ్బాయన. ఆ రోజంతా మా ఆయన నవ్వు ఆపలేదు. అన్నం తినేటప్పుడు గుర్తొచ్చి పొరబోయింది కూడా. మంచి పనయింది అనుకొన్నాను.

నాకు కోపం వచ్చినప్పుడు బుద్ధి బాగా పనిచేస్తుంది. మరుసటి పొద్దున వాకిట్లో ముగ్గు వేసి లేచినాను, మా కోడి దాని మీద నడిచి పోయింది. ఎక్కడ మొదలుపెట్టింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ మనసు మార్చుకొని తిరిగింది, అంతా పిండి మీద కనబడతా ఉంది. చీపురు ఎత్తినదాన్ని అట్లే నిలబడిపోయినాను. కోడి దారి పిండి చెబితే, బాలు దారి చెప్పదా?

మా ఇంట్లో ముగ్గంటే బియ్యప్పిండే. చీమలు తినాల, పిట్టలు తినాల, అది మా అమ్మ కాలం నాటి పద్ధతి. అంగట్లో అమ్మే రాతిపొడిని అరవంలో కోలమావు అంటారు, అది మేము ఇంట్లోకి రానియ్యము. తినేవాళ్ళకు పనికిరాని ముగ్గు ముగ్గే కాదని మా అమ్మ కోప్పడేది. ఆ అలవాటున బియ్యప్పిండీ జల్లెడా సంచిలో వేసుకొని అంగడికి పోయినాను. సంచిలోంచి జల్లెడ తియ్యగానే క్లబ్బాయన రెండు చేతులూ తలమీద పెట్టుకొన్నాడు. ఆ గుడ్డ మీద టీ గ్లాసు కూడా పెట్టనియ్యడు. ఒక పక్కగా కొంచెమే చల్లుతానని, దులిపేస్తానని, బతిమాలి, కొంచెం బెదిరించి చల్లినాను. ఏం లాభం? పిండి బాలు కింద ముద్ద కట్టింది. బాలు తిన్నగానూ పోలేదు, వంకరగానూ పోలేదు, ఎక్కడో మధ్యలో నిలిచిపోయింది. దులిపితే పోయినట్టే పోయి గుడ్డ నూలులో ఇరుక్కొంది. మరుసటి రోజు చీమలు వరుస కట్టి బల్ల కాలు మీదుగా ఎక్కి గుంతల్లోకి దిగినాయి. ఆడుకోడానికి వచ్చిన కాలేజీ పిల్లలు ఇప్పుడు ఆడే వంతు చీమలదా అని అడిగినారంట.

క్లబ్బాయన మెట్లు దిగొచ్చి నాకు దణ్ణం పెట్టినాడు. ‘అక్కా, ఈ గుడ్డ పాతబడింది, కొత్త గుడ్డ తెప్పిస్తా ఉండాను. పాతది పీకేసే రోజు మిమ్మల్ని పిలుస్తాను. ఆ రోజు మీ ఇష్టం, బల్లంతా చల్లుకోండి. బియ్యప్పిండి మాత్రం వద్దు. కోలమావు తెచ్చుకోండి. రాతిపొడికి చీమలు రావు.’

ఆ రోజు కోసం కాచుకొని ఉన్నాము. ఈ మధ్యలో అంగడి సెలవొచ్చింది. ఆయన పొద్దున్నే చొక్కా తొడుక్కొని సావి చేతిలోకి తీసుకొన్నాడు. ‘పందెం తేలేదాకా కొండకు పోవద్దు బావా’ అన్నాను. జగడానికి సిద్ధపడే అన్నాను. ఆయన కొంచెం సేపు సావి పక్కే చూసి, మళ్ళీ గోడకు తగిలించి, చొక్కా విప్పేసి, దూడకు గడ్డి వెయ్యడానికి పోయినాడు. నాకు అదెందుకో బాగలేదు. ఆయన అరిచి, బండి కిక్కు కొట్టి పోయుంటేనే మనసు కుదుటపడేదేమో.

గుడ్డ మార్చే రోజు వచ్చింది. మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి ఇద్దరమూ మిద్దెక్కినాము. జన్మలో మొదటిసారి కోలమావు కొన్నాను. అంగడివాడు ‘మీరా!’ అన్నట్టు చూసినాడు, తల తిప్పుకొన్నాను. జల్లెడ పట్టి బల్ల సగానికి పైగా పలచగా చల్లినాను. పచ్చ గుడ్డ పోయి తెల్లగా అయింది. తెల్లగా అయితే చాలదు. తిన్నని గీత ఏదో పక్కన లేకుండా వంకర గీతను ఎట్లా కనిపెట్టేది? అందుకని ఎర్ర కావి పొడి కూడా తెచ్చినాను. మేస్త్రీలు గోడ మీద కొట్టినట్టు నూలు కొట్టినాను. నూలుకు కావి పట్టించి, బాలు రబ్బరుకు తగలాల్సిన చోట ఒక కొస, పడాల్సిన గుంత దగ్గర ఇంకో కొస బిగించి పట్టి, మధ్యలో వేలితో లాగి వదిలితే తెల్ల పిండి మీద ఎర్రగా సన్నటి గీత పడింది. గీతల విషయంలో నేను ఎవరి చేతా మాట పడను. మా వీధిలో ఎవరినైనా అడగండి.

బాలు ఆ ఎర్ర గీత మీదనే పోతే తిన్నగా పోయినట్టు. గీతను వదిలి పక్కకు పోయి మళ్ళీ గుంత దగ్గరికి వస్తే వంగినట్టు. చిన్న బిడ్డకు కూడా తెలిసే లెక్క.

ఆయన కొట్టినాడు. రబ్బరుకు తగలాల్సిన చోట తగల్లేదు. దులిపి, మళ్ళీ చల్లి, మళ్ళీ నూలు కొట్టినాను. మళ్ళీ తప్పింది. మళ్ళీ చల్లినాను. ‘బావా, బాలు సంగతి దేవుడెరుగు, నా నడుము మాత్రం వంగింది’ అన్నాను. ‘సుమ్మా ఉండవే, మాట్లాడితే గురి చెడుతుంది’ అన్నాడు. కర్ర కొసకు చాక్ రుద్దుకొని, ఊపిరి బిగబట్టి, ఇంకోసారి కొట్టినాడు. ఈసారి రంగు బాలు గట్టిగా పోయి సరిగ్గా గుర్తు పెట్టిన చోటే రబ్బరుకు తగిలింది, తిరిగింది, గుంతలో దబ్బుమని పడింది.

ముగ్గురమూ బల్ల మీదికి వంగినాము. నేను చూసింది చూసినట్టు రాస్తాను. బాలు పోయిన దారిలో పిండి లేచిపోయి కింద పచ్చ గుడ్డ కనబడతా ఉంది. ఆ పచ్చ దారి రబ్బరు దగ్గర ఎర్ర గీతను వదిలేసింది, బయటికి పోయింది, మెల్లగా మళ్ళీ రబ్బరు పక్కకు వాలి, గుంత దగ్గర ఎర్ర గీతను కలిసింది. విల్లూ దాని తాడూ పక్కపక్కన పెట్టినట్టు ఉంది. వేలు పట్టేంత సందు కాదు, నా చెయ్యి పట్టేంత సందు.

‘ఐయో’ అన్నాను.

క్లబ్బాయనకు ఇప్పుడు నోరొచ్చింది. ‘కొత్త గుడ్డ మీదైతే ఇట్లే వంగుతుందక్కా. రబ్బరుకు తగిలి వెనక్కి తిరిగినా, బాల్లో ముందటి దొర్లుడు ఇంకా మిగిలే ఉంటుంది. గుడ్డ మీద జారేంత సేపూ ఆ దొర్లుడు దాన్ని మళ్ళీ రబ్బరు పక్కకు లాగుతుంది. ఇసకలో బండి తిప్పినట్టు. పాత గుడ్డ అయితే బాలును వెంటనే పట్టేస్తుంది, వంగేది చాలా కొంచెం, కంటికి తెలియదు. మీ కోలమావు ఈ పాత గుడ్డను కొత్తదాని మాదిరి జారుడు చేసింది.’ అంటే నేను చల్లిన పిండే నా కొంప ముంచింది.

మా ఆయన సంబరం చూడాల్సింది. కర్రను భుజానికి ఆనించుకొని బల్ల చుట్టూ తిరిగినాడు. సావి తీసి వేలికి తగిలించి గిరగిరా తిప్పినాడు. ‘సెలవు రోజు కొండకు పోతాను. నీకు కూడా కాఫీ పోయిస్తాను, వస్తావా?’ అన్నాడు. ‘సరి బావా, వంగింది. నువ్వు గెలిచినావు’ అన్నాను. ఓడినందుకు నాకు కోపం వచ్చింది. ఆయన కండ్లకు ఏమీ లేదులే అని సంతోషం కూడా వచ్చింది. రెండూ నిజమే. సంతోషమే ఎక్కువ.

ఆయన తన పచ్చ దారిని ఇంకోసారి చూసుకోడానికి వంగినాడు. అట్లే చూస్తా చూస్తా, ‘అంతా సరే గానీ, ఈ ఎర్ర గీతను ఎందుకే నడిమధ్యలో వంచినావు?’ అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గెలిచినాడు సరే, గెలిచినాక ఓడినోళ్ళను ఇంత ఏడిపించాలా? ‘నా గీత వంకరా? నూలు కొట్టి వేసిన గీతను వంకరంటావా? గెలిచిన కొవ్వు బాగా పట్టింది నీకు!’ అన్నాను. క్లబ్బాయన నవ్వినాడు.

‘లేదే, నిజంగానే. ఇక్కడ చూడు. ఇట్లా లేచి ఇట్లా పడింది’ అని వేలు పెట్టి చూపించినాడు. ఆయన వేలు పెట్టిన చోట గీత తిన్నగా ఉంది.

నేను ఇంకా కోపంలోనే ఉన్నాను. ‘నూలు ఆ కొస పట్టుకోప్పా’ అని క్లబ్బాయనకు ఇచ్చినాను, ఈ కొస నేను పట్టుకొన్నాను. ఈసారి గీత కొట్టలేదు. ఉత్త నూలునే ఆయన మొగం ముందర బిగించి పట్టినాము. ‘ఇది కూడా వంకరేనా? చూడు, బాగా చూడు!’ అని అరిచినాను.

చూసినాడు. ‘గట్టిగా లాగండి’ అన్నాడు. లాగినాము. ‘ఇంకొంచెం లాగండి’ అన్నాడు. ఇంకొంచెం లాగితే తెగిపోతుంది. క్లబ్బాయన నవ్వడం ఆపేసినాడు. మా ఆయన సావి ఉన్న చెయ్యి దించి, ఇంకో చెయ్యి వేలు నూలు మీద పెట్టి, నా కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా జరుపుకొంటా పోయినాడు. మళ్ళీ వెనక్కి వచ్చినాడు. కండ్లు మూసుకొని ఇంకోసారి జరిపినాడు. కండ్లు తెరిచి చూసినాడు.

‘వేలికి తిన్నగానే ఉండాది’ అన్నాడు.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన అరచేత్తో ఎడమ కన్ను మూసి చూసినాడు. కుడి కన్ను మూసి చూసినాడు. మళ్ళీ ఎడమ కన్ను మూసి, ‘కుడి కంటికి సరిగ్గానే ఉండాది’ అన్నాడు. ఎడమ కంటి మాట ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

క్లబ్బాయన తన కొసను మెల్లగా వదిలినాడు. ‘అన్నా, బాలు మాత్రం నిజంగా వంగింది. సత్యం’ అన్నాడు.

‘అది నాకు తెలుసులేప్పా’ అన్నాడు మా ఆయన.

వేలికున్న సావి తీసి నా చేతిలో పెట్టినాడు. నా నోటికి పనికిరాని మాటే వచ్చింది. ‘పందెం నువ్వు గెలిచినావు గదా బావా’ అన్నాను. ‘గెలిచినోడి సావి. గెలిచినోడు ఎవరికైనా ఇచ్చుకొంటాడు’ అన్నాడు.

తర్వాత సేలంలో కంటి డాక్టరు చూసినాడు. కంటి వెనకాల పొర దెబ్బ తినింది, అందుకే తిన్నగా ఉన్నవి వంకరగా కనబడతా ఉండాయి, ఇంకా ముందే రావాల్సింది, అయినా చెయ్యి దాటిపోలేదు అన్నాడు. కంట్లో సూదులు వేస్తా ఉండారు. సూది వేసిన ప్రతిసారీ ఆయన నన్ను తిడతాడు, నేను పడతాను. అదంతా ఒక పక్క. నేను రాయాలని కూర్చొన్నది ఆ మధ్యాహ్నం బస్సులో జరిగింది.

బండిని అంగట్లో తవుడు బస్తాల పక్కన నిలిపి తాళం వేసి, బస్టాండుకు నడిచి పోయి పాపారపట్టి బస్సెక్కినాము. ఆయన కిటికీ పక్క కూర్చున్నాడు. దారి చెప్పడానికి నాకు ఏమీ లేదు, డ్రైవరుకు తెలుసు. ఊరు దాటినాక ఆయనే పిలిచినాడు.

‘ఏమ్మే.’

‘ఏమి బావా?’

‘కొన్ని నెలలుగా నీ మొగం నాకు ఒక పక్కకు లాక్కొనే కనబడతా ఉండె. నోరు ఈ పక్కకు పోయినట్టు. నా మీద కోపంతో మూతి తిప్పుకొని తిరగతా ఉండావు అనుకొంటిని.’

‘ఎప్పుడూనా?’

‘ఎప్పుడూ.’

‘నవ్వేటప్పుడు కూడానా?’

‘నువ్వు నవ్వింది నాకు తెలియలేదే’ అన్నాడు.

ఇన్ని నెలలు, మూతి తిప్పుకొన్న పెండ్లాంతో పొద్దున్నే లేచినాడు, ఆమె పెట్టింది తిన్నాడు, ఆమెను బండెక్కించుకొని తిరిగినాడు, బాలును వంచినానని ఆమెకే వచ్చి చెప్పుకొన్నాడు. ‘ఎందుకే కోపమని ఒక్కసారి అడగొచ్చు గదా బావా’ అన్నాను.

‘అడిగేదేముంది. నేనే ఏదో చేసుంటాను, అందుకే కోపం అనుకొంటిని’ అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బస్సు నిండా జనం. ఆయన అరచెయ్యి ఎడమ కంటికి అడ్డం పెట్టుకొని, సీట్లో నా పక్కకు పూర్తిగా తిరిగి, నన్ను చూసినాడు. ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి చూసింది, కండక్టరు చూసినాడు. చూస్తే చూడనీ అనుకొన్నాను. కండ్లు తుడుచుకొని, మొగం ఇంత కూడా తిప్పకుండా, పండ్లన్నీ కనబడేట్టు నవ్వినాను. పాపారపట్టి వచ్చిందాకా ఆయన చెయ్యి దించలేదు.